అహ్మిచి: పథకం రుజువైంది, చేతులు రుజువు కాలేదు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ లా విద్యార్థులు ముందుకి రండి. ఈ వరసలో కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. మధ్యలో ఎవరినీ లేపి ప్రశ్నలడగనులెండి.

నిర్వాహకులు నాకిచ్చిన అంశం "యుద్ధ నేరాలు, న్యాయం" అని. ఒక సాయంత్రంలో అది తెమిలేది కాదు. అందుకని నేను ఒక్క ఊరు పట్టుకుంటాను. ఆ ఊరి పేరు అహ్మిచి. మధ్య బోస్నియాలో, లాష్వా అనే ఏటి లోయలో, విటేజ్ పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 1993 ఏప్రిల్ 16 తెల్లవారుజామున అక్కడ వందమందికి పైగా ముస్లింలను చంపేశారు. ఊరి స్మారకం మీద 116 పేర్లున్నాయి. మూడు నెలల పసిబిడ్డ నుంచి ఎనభై దాటిన ముసలివాళ్ళ దాకా. చంపడానికి వచ్చినవాళ్ళలో అదే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళూ ఉన్నారు.

నేను చరిత్రకారుణ్ణి కాను. క్రిమినల్ కోర్టుల్లో తల నెరిసినవాణ్ణి, అందులోనూ ఎక్కువ కేసుల్లో ముద్దాయి తరఫున నిలబడ్డవాణ్ణి. ఆ పక్షపాతం నా మాటల్లో కనిపిస్తుంది, ముందే చెప్తున్నాను. ఈ ఊచకోత గురించి నాకు ఆసక్తి కలిగింది దాని కోర్టు తీర్పులు చదివాక. అక్కడ ఏం జరిగిందనే దాని మీద ఏ కోర్టులోనూ సందేహం మిగల్లేదు. ముందుగా పథకం వేసుకుని చేశారన్న దాని మీదా మిగల్లేదు. ఏ చేయి ఎవరి మీద తుపాకీ పేల్చింది అన్న దగ్గరికి వచ్చేసరికే కోర్టుకి కాళ్ళు తడబడ్డాయి. ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఆ తడబాటు గురించే.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా తరానికి యుగోస్లావియా అంటే మార్షల్ టిటో, నెహ్రూ, నాజర్, అలీనోద్యమం. 1961లో అలీన దేశాల మొదటి శిఖరాగ్ర సమావేశం బెల్‌గ్రేడ్‌లోనే జరిగింది. మా స్కూలు పుస్తకాల్లో అది మంచి దేశాల జాబితాలో ఉండేది. టిటో 1980లో పోయాడు. పదేళ్ళు తిరిగేసరికి దేశం ముక్కలవడం మొదలైంది. ఆ ముక్కల్లో బాగా కలగాపులగంగా ఉన్నది బోస్నియా. 1991 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ముస్లింలు సుమారు 44 శాతం, సెర్బులు 31, క్రోట్లు 17. ముగ్గురూ మాట్లాడేది ఒకరికొకరికి అర్థమయ్యే భాషే. ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళినవాళ్ళే. పేరు చూస్తే తప్ప ఎవరు ఎవరో చెప్పలేం.

1992 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనప్పుడు క్రోట్లు, ముస్లింలు ఒకే పక్షం. ఇద్దరికీ శత్రువు సెర్బు సేనలే. క్రోట్ల సైన్యం పేరు హెచ్‌వీఓ, అంటే క్రొయేషియన్ రక్షణ మండలి. బోస్నియా ప్రభుత్వ సైన్యంలో ఎక్కువమంది ముస్లింలు. ఇద్దరూ పక్కపక్క కందకాల్లో కూర్చుని పోరాడారు. కానీ హెచ్‌వీఓ వెనక హెర్త్సెగ్-బోస్నా అనే ఇంకో ఆలోచన ఉంది. బోస్నియా లోపలే క్రోట్లకంటూ ఒక విడి రాజ్యం. 1991 నవంబరులోనే దాన్ని ప్రకటించుకున్నారు.

దానికి ఆజ్యం పోసింది ఒక శాంతి ప్రణాళికే. 1993 జనవరిలో సైరస్ వాన్స్, డేవిడ్ ఓవెన్ అనే ఇద్దరు మధ్యవర్తులు బోస్నియాను పది ప్రాంతాలుగా విడగొట్టే పటం ఒకటి గీశారు. పదో ప్రాంతం, అంటే ట్రావ్నిక్, విటేజ్ ఉన్నది, క్రోట్ల వాటాకి వచ్చింది. కాగితం మీద అది పరిపాలనా విభజన మాత్రమే. హెచ్‌వీఓ నాయకులు మాత్రం దాన్ని పట్టాదారు పాసు పుస్తకంలా పట్టుకున్నారు. మా ప్రాంతంలో ఉన్న ముస్లిం దళాలు మా కమాండు కిందికి రావాలి, లేదా ఖాళీ చేయాలి అన్నారు. దానికి పెట్టిన గడువు ఏప్రిల్ 15.

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. జెనిత్సా పట్టణంలో హెచ్‌వీఓ కమాండర్ ఒకాయన్ని, ముస్లింల పక్షాన పోరాడటానికి వచ్చిన విదేశీ ముజాహిదీన్లు కిడ్నాప్ చేశారు. ఆయన కాపలావాళ్ళను నలుగురిని చంపారు. లోయంతా టెన్షన్. ఈ విషయం దాటవేస్తే నేను మీకు సగం కథే చెప్పినట్టు. క్రోట్ పక్షం తర్వాత కోర్టులో దీన్ని చాలాసార్లు ముందుకు తెచ్చింది.

ఇప్పుడు ఊళ్ళోకి వద్దాం. అహ్మిచి పెద్ద ఊరేమీ కాదు. బుసోవాచా నుంచి విటేజ్ వెళ్ళే మెయిన్ రోడ్డు పక్కన, వాలు మీద, ఎగువ అహ్మిచి, దిగువ అహ్మిచి అని రెండు భాగాలు. రెండు మసీదులు. ఎక్కువ ఇళ్ళు ముస్లింలవి, మధ్యమధ్యలో క్రోట్లవి. ఆ ఊరికి ఒక గుర్తింపు ఉంది: ఇమాములు, మతబోధకులు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేవారట. సైనికంగా ఆ ఊళ్ళో ఏముందని దాడి చేశారు అని తర్వాత కోర్టు అడిగినప్పుడు, ఈ గుర్తింపు తప్ప వేరే జవాబు సరిగ్గా దొరకలేదు.

ఈ ఊచకోతకి ఆరు నెలల ముందు, 1992 అక్టోబరు 20న, ఒక రోడ్డు బారికేడు గొడవలో హెచ్‌వీఓ ఆ ఊరి మీద దాడి చేసింది. మసీదు మీనారు దెబ్బతింది. ముస్లింలు ఊరొదిలి పారిపోయారు. తర్వాత మెల్లగా తిరిగొచ్చారు. పక్క ఇళ్ళ క్రోట్లతో మళ్ళీ పలకరింపులు నడిచాయి. ఒకసారి పోయి తిరిగొచ్చినవాళ్ళు రెండోసారి అంత తొందరగా పారిపోరు. అప్పటి గొడవ సర్దుమణిగింది కదా, ఇదీ అంతే అనుకుంటారు.

ఏప్రిల్ 15 సాయంత్రం ఊళ్ళో క్రోట్ ఆడవాళ్ళనీ పిల్లల్నీ తరలించారు. దాడి గురించి కొందరు క్రోట్లకి ముందే తెలుసని తీర్పుల్లో రాశారు. ఊరి పక్కనే నాదియోత్సిలో "బంగళా" అని పిలిచే ఒక భవనం ఉంది. హెచ్‌వీఓ మిలిటరీ పోలీసుల నాలుగో బెటాలియన్లో జోకర్లు అనే ప్రత్యేక దళం అక్కడే ఉండేది. పేరు వింటే నవ్వొస్తుంది. వాళ్ళ పని చూస్తే రాదు.

తెల్లవారుజామున ఐదున్నర. ఫజర్ నమాజు వేళ. ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. ఒక పేలుడు వినిపించింది, ఆ వెంటనే ఫిరంగులు మొదలయ్యాయి. ఐదుగురు, పదిమంది చొప్పున సైనికులు ఒక్కో ఇంటి మీదికి వెళ్ళారు. తలుపు తట్టడమో పగలగొట్టడమో, మగవాళ్ళను బయటికి పిలవడం, గుమ్మంలోనే దగ్గర నుంచి కాల్చడం. తర్వాత ఇంటికి నిప్పు. నేలమాళిగల్లో దాక్కున్నవాళ్ళు అక్కడే కాలిపోయారు. కొన్ని శవాలను తర్వాత గుర్తుపట్టడం కూడా కుదరలేదు.

దిగువ అహ్మిచిలో కొంతమంది ఇళ్ళు వదిలి మెయిన్ రోడ్డు వైపు పరుగెత్తారు. రోడ్డు చేరాలంటే ఒక ఖాళీ పొలం దాటాలి. ఆ పొలంలో ఇరవై దాకా శవాలు దొరికాయి. తగిలిన తూటాలు చూసిన సైనిక నిపుణులు, ఇవి గురితప్పని షూటర్లు కాల్చినవి అని తేల్చారు. ఈ ఒక్క వివరం దగ్గర కాసేపు ఆగండి. గందరగోళంలో కాలిస్తే తూటాలు ఎటు పడితే అటు పోతాయి. ఇక్కడ జనం ఏ దారిన పరుగెడతారో ముందే లెక్కవేసుకుని, ఆ దారి కనిపించే చోట మాటు వేసి కూర్చున్నారు. నన్నడిగితే మొత్తం ఫైలులో కుట్రకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. దీనికి నోటి సాక్షి కూడా అక్కర్లేదు.

మసీదు సంగతీ అలాంటిదే. దిగువ మసీదు మీనారు ఫిరంగి గుండు తగిలి కూలింది కాదు. లోపలికి వెళ్ళి, పేలుడు పదార్థం సరైన చోట అమర్చి కూల్చారు. పడిపోయిన మీనారు మసీదు మీద ఒరిగి ఉన్న ఫోటో మీలో కొందరు చూసే ఉంటారు. జెనిత్సా మానవ హక్కుల కేంద్రం లెక్క ప్రకారం ఊళ్ళో ముస్లింల ఇళ్ళు 200 ఉంటే 180 తగలబడ్డాయి. క్రోట్ల ఇళ్ళు మాత్రం నిలిచే ఉన్నాయి. పక్కపక్కన ఉన్న రెండు ఇళ్ళలో ఒకటి బూడిద, రెండోదాని కిటికీ అద్దం కూడా పగల్లేదు. మూక ఆవేశంలో చేసింది ఇలా ఇంటి నంబర్లు చూసుకుని నడవదు.

దీన్ని బయటి ప్రపంచం చూసింది ఆరు రోజులు ఆలస్యంగా. లోయలో ఐక్యరాజ్యసమితి దళంగా ఉన్నది బ్రిటిష్ చెషైర్ రెజిమెంటు. దాని అధికారి కర్నల్ బాబ్ స్టీవర్ట్ ఏప్రిల్ 22న టీవీ కెమెరాలు వెంట ఉండగా అహ్మిచి వెళ్ళాడు. కాలిన ఇంట్లో మెట్ల దగ్గర ఒక కుటుంబం శవాలు కనిపించాయి. దారిలో ఎదురైన హెచ్‌వీఓ సైనికుల మీద ఆయన కెమెరా ముందే మండిపడ్డాడు. ఒక సైనికాధికారి అంత బాహాటంగా కోపం చూపడం ఆ రోజుల్లో పెద్ద వార్త. ఆ టీవీ దృశ్యాలే లేకపోతే ఈ ఊరి పేరు లోయ దాటి వచ్చేదా అని నాకు అనుమానమే. ఆ తర్వాత మానవ హక్కుల ప్రత్యేక ప్రతినిధి మజోవియెట్స్కి తరఫున పరిశోధకులు వెళ్ళి నివేదిక ఇచ్చారు. మే 25న భద్రతా మండలి మాజీ యుగోస్లావియా కోసం హేగ్‌లో యుద్ధ నేరాల ట్రిబ్యునల్ పెట్టింది.

చేసింది ఎవరు అని అడిగితే హెచ్‌వీఓ వైపు నుంచి మొదట వచ్చిన జవాబులు వినండి. సెర్బులు చొరబడి చేసి ఉండొచ్చు. ముస్లింలే తమవాళ్ళను చంపుకుని మా మీద నెట్టి ఉండొచ్చు. విచారణ జరిపిస్తాం. మన పోలీస్ స్టేషన్లలో రోజూ వినేదే కదా ఈ వరస.

ఇక ఆ ట్రిబ్యునల్లో నడిచిన కేసు. కుప్రెష్కిచ్, ఇంకా ఐదుగురు. 2000 జనవరి 14న తీర్పు. బెంచికి అధ్యక్షుడు ఆంటోనియో కస్సేసే, ఇటలీ వాడు, అంతర్జాతీయ న్యాయంలో దిగ్గజం. ఆరుగురు ముద్దాయిల్లో ఒకరిని వదిలేశారు, ఐదుగురికి శిక్ష వేశారు. వాళ్ళలో జోరాన్, మిర్యాన్ కుప్రెష్కిచ్ అన్నదమ్ములు, అదే ఊరివాళ్ళు. జోరాన్‌కి పదేళ్ళు, మిర్యాన్‌కి ఎనిమిది, వాళ్ళ బంధువు వ్లాట్కోకి ఆరు. ద్రాగో యోసిపోవిచ్‌కి పదిహేను, జోకర్ల కమాండర్ అని తేల్చిన వ్లదిమిర్ షాంతిచ్‌కి ఇరవై ఐదు.

అన్నదమ్ముల మీద ప్రధాన సాక్ష్యం ఒక అమ్మాయి. కోర్టు రికార్డులో ఆమెకి పేరు లేదు, సాక్షి హెచ్ అంతే. దాడి నాటికి పదమూడేళ్ళు. ఆ తెల్లవారుజామున తమ ఇంట్లోకి చొరబడ్డవాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారని ఆమె చెప్పింది. కొత్త ముఖాలు కావు, ఊళ్ళో రోజూ చూసే ముఖాలే. ఎదురు ప్రశ్నల్లో తొణకలేదు, బెణకలేదు. ట్రయల్ కోర్టు ఆమె తీరు చూసి నమ్మింది. నేను ఆ బెంచి మీద ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. నేనూ నమ్మేవాణ్ణి.

2001 అక్టోబరు 23న అప్పీలు చాంబర్ దీన్ని కొట్టేసింది. ముగ్గురు కుప్రెష్కిచ్‌లూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. అన్నదమ్ములిద్దరూ అప్పటికే నాలుగేళ్ళు నిర్బంధంలో గడిపారు. యోసిపోవిచ్ శిక్ష పన్నెండుకీ, షాంతిచ్ శిక్ష పద్దెనిమిదికీ తగ్గింది.

అప్పీలు జడ్జీలు ఏమన్నారు? ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందని అనలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే బయట పత్రికల్లో, రాజకీయ సభల్లో దీన్ని అలాగే తిప్పి చెప్పారు. వాళ్ళన్నది ఇంకొకటి. వెలుతురు చాలని వేళ. ముఖాలకి రంగు పూసుకున్న మనుషులు. ప్రాణభయం. క్షణాల మీద జరిగిపోయిన ఘటన. ఆమె అంతకుముందు ఇచ్చిన వాంగ్మూలాలకీ కోర్టులో చెప్పినదానికీ తేడాలు. ఇలాంటప్పుడు ఒక్కరి గుర్తింపు మీద ఇద్దరికి శిక్ష వేయాలంటే కోర్టు ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడాలి. సాక్షి ఎంత ధీమాగా చెప్పింది అనేది ఆమె సరిగ్గా చూసింది అనడానికి కొలమానం కాదు. దీనికి తోడు, ఆ ఇంటి మీద దాడి అనే అసలు అభియోగం ఛార్జిషీటులో స్పష్టంగా లేనే లేదు. ముద్దాయి దేనికి జవాబు చెప్పుకోవాలో ముందుగా చెప్పకుండా, దాని మీదే శిక్ష వేశారన్నమాట.

క్రిమినల్ ప్రాక్టీసులో ఉన్నవాళ్ళు ఇక్కడ తలూపుతున్నారు, చూస్తున్నాను. గుర్తింపు పరేడ్ సరిగ్గా జరగని కేసులో మనం చేసే వాదనే ఇది. చీకట్లో, కాగడాల వెలుగులో, పారిపోతూ చూశాను అని చెప్పే సాక్షిని మనం కోర్టులో ఎలా నలిపేస్తామో మనకి తెలుసు. చుండూరు కేసులో స్పెషల్ కోర్టు 2007లో వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసిన సంగతి కూడా ఈ హాల్లో చాలామందికి తెలుసు. అక్కడ చనిపోయిన ఎనిమిది మంది దళితుల కుటుంబాలకి ఆ తీర్పు ఎలా వినపడి ఉంటుందో ఊహించుకోండి. డిఫెన్స్ వకీలుగా నేను అహ్మిచి అప్పీలు తీర్పుని తప్పుపట్టలేను. అది న్యాయశాస్త్రం ప్రకారం సరైన తీర్పు. అయినా చదివి పక్కన పెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండూ నిజమే.

నాకు కోపం వచ్చేది వేరే చోట. ఊచకోత జరిగితే ప్రాసిక్యూషన్‌కి రెండు దారులుంటాయి. ఒకటి కింద నుంచి: ఈ ఇంట్లో, ఈ మనిషి, ఈయన్ని చంపాడు. రెండోది పై నుంచి: ఆర్డరు ఎవరిచ్చారు, ఏ దళం వెళ్ళింది, పెట్రోలు, మందుగుండు ఎవరు సప్లై చేశారు. కింది దారిలో సాక్షులు చచ్చిపోయి ఉంటారు, లేదా ముఖాలకి రంగు పూసుకున్నవాళ్ళను చూసి ఉంటారు. పై దారిలో కాగితాలుంటాయి. సైన్యం అంటేనే కాగితాలు. ఆ కాగితాలు ఏమయ్యాయి?

టిహోమిర్ బ్లాష్కిచ్ ఆ ప్రాంతానికి హెచ్‌వీఓ కమాండర్. ఆఫీసు హోటల్ విటేజ్‌లో. 2000 మార్చి 3న ట్రయల్ కోర్టు ఆయనకి 45 ఏళ్ళు వేసింది. ముఖ్యంగా డి269 అనే ఆర్డరు పట్టుకుని, అహ్మిచి దాడికి ఆదేశం ఇదేనంది. అది ఏప్రిల్ 16 రాత్రి ఒంటిగంటన్నరకి జారీ అయింది. దాడికి నాలుగు గంటల ముందు. అప్పీలుకి వచ్చేసరికి కథ మారింది. 1999 డిసెంబరులో క్రొయేషియా అధ్యక్షుడు టుజ్‌మన్ చనిపోయాడు. కొత్త ప్రభుత్వం వచ్చాక ఆ దేశ రాజధాని జాగ్రెబ్‌లో దాచిపెట్టిన పత్రాలు బయటపడ్డాయి. అవి చూసిన అప్పీలు చాంబర్, ఆ ఆర్డరు ముస్లిం సైన్యం దాడి చేయవచ్చనే అంచనాతో ఇచ్చిన రక్షణ ఆదేశంగా చదవడానికి వీలుందని చెప్పింది. అహ్మిచిలో దిగిన మిలిటరీ పోలీసుల మీద ఆయనకి నిజమైన పట్టు ఉందనేది కూడా రుజువు కాలేదంది. 2004 జులై 29న 45 కాస్తా తొమ్మిది అయింది. ఆ తొమ్మిది కూడా ఖైదీలను హింసించడం, విటేజ్‌లో వాళ్ళను మనుషుల డాలుగా వాడటం లాంటి వేరే నేరాలకి. నాలుగు రోజుల్లో ఆయన విడుదలయ్యాడు.

గమనించారా? విచారణ నడుస్తున్నంత కాలం ఆ పత్రాలు ఒక రాజధానిలో, అలమారాల్లో ఉన్నాయి. కోర్టు అడిగింది, రాలేదు. ప్రాసిక్యూషన్ చేతిలో ఉన్నవి అరకొర కాగితాలు, ఒక పదమూడేళ్ళ పిల్ల జ్ఞాపకం. ఒక ప్రభుత్వం అలమారా తాళం వేసుకుని కూర్చుంటే, ఆ బరువంతా వెళ్ళి ఆ పిల్ల మీద పడింది. ఆమె సాక్ష్యం కూలిందని లోకమంతా రాసింది. తాళం వేసినవాళ్ళ మీద ఎవరూ ఒక పేరా రాయలేదు.

పై దారి పూర్తిగా మూసుకుపోలేదు, అది కూడా చెప్పాలి. లోయలో క్రోట్ల రాజకీయ నాయకుడు దారియో కోర్దిచ్. ఏప్రిల్ 15న దాడికి ఆమోదం ఇచ్చిన రాజకీయ నాయకుల సమావేశంలో ఆయన ఉన్నాడని తేల్చి 25 ఏళ్ళు వేశారు. 2004 డిసెంబరులో అప్పీల్లోనూ అది నిలబడింది. మిలిటరీ పోలీసు నాలుగో బెటాలియన్ కమాండర్ పాష్కో ల్యూబిచిచ్ కేసుని సరాయెవో కోర్టుకి బదిలీ చేశారు. అక్కడ 2008లో నేరం ఒప్పుకున్నాడు, పదేళ్ళు పడింది.

ఇంకొకడు మిరోస్లావ్ బ్రాలో. జోకర్ల దళం వాడు. 2005లో తనకు తానే నేరాలు ఒప్పుకున్నాడు. తొమ్మిది మంది పిల్లలతో సహా 14 మంది హత్యలో పాలుపంచుకున్నానన్నాడు. దిగువ మసీదును పేల్చింది తానేనన్నాడు. ఖైదీగా ఉన్న ఒక ముస్లిం మహిళ మీద పదేపదే చేసిన అత్యాచారాన్ని కూడా ఒప్పుకున్నాడు. ఇరవై ఏళ్ళ శిక్ష. శిక్ష ఖరారు చేసేటప్పుడు శవాలు ఎక్కడున్నాయో చూపించడంలో, మందుపాతరలు తీయడంలో అతను చేసిన సాయాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంది. వాడి పశ్చాత్తాపం ఎంత నిజమో తేల్చడం నా వల్ల కాదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ ఒప్పుకోలు తర్వాత "మసీదు ఎలా కూలిందో ఎవరికి తెలుసు" అనే మాటకి చోటు లేకుండా పోయింది.

ఇక, "వాళ్ళూ చేశారు కదా" అనే వాదన. డిఫెన్స్ దీన్ని చాలా రూపాల్లో తెచ్చింది. ముజాహిదీన్ కిడ్నాప్ గురించి ఇందాక చెప్పాను. ఇంకా బరువైనది ఉంది. అహ్మిచి తగలబడుతున్న అదే రోజు, ఏప్రిల్ 16న, కోనిత్స్ దగ్గర ట్రూసినా అనే ఊళ్ళో బోస్నియా సైన్యం దళం ఒకటి క్రోట్ పౌరుల్నీ లొంగిపోయిన సైనికుల్నీ కలిపి 22 మందిని చంపింది. లాష్వా లోయలోనే ఆ డిసెంబరులో క్రిజాంచెవో సెలోలో క్రోట్లు చచ్చిపోయారు. ఇవన్నీ జరిగినవే. క్రోట్ కుటుంబాల ఏడుపు తక్కువ ఏడుపు కాదు.

కానీ కస్సేసే బెంచి ఈ వాదనని వాకిట్లోనే ఆపేసింది. పౌరులను చంపకూడదనే నియమం ఇద్దరి మధ్య ఒప్పందం కాదు, నువ్వు తప్పావు కాబట్టి నేనూ తప్పుతాను అనడానికి. అవతలివాడు ఎంత నేరం చేసినా నీ బాధ్యత అలాగే ఉంటుంది. ప్రతీకారంగా పౌరుల మీద దాడి చేయడం నిషిద్ధం అని కూడా గట్టిగా చెప్పింది. అంతర్జాతీయ న్యాయం చదివేవాళ్ళకి ఈ తీర్పు అప్పీల్లో ఎక్కువ భాగం కూలినా ఇప్పటికీ పాఠ్యాంశం కావడానికి కారణం ఇదే. మనుషుల మీద తీర్పు నిలబడలేదు, సూత్రం మీద నిలబడింది. మన దగ్గర కూడా రెండు వర్గాల మధ్య గొడవ జరిగిన ప్రతిసారీ, తలా పాపం తిలా పిడికెడు అని పంచేసి ఎవరూ దోషి కాకుండా చేసే అలవాటు ఉంది. ఆ అలవాటుకి న్యాయశాస్త్రంలో జవాబు కావాలంటే ఈ తీర్పు తెరవండి.

1994 మార్చిలో వాషింగ్టన్ ఒప్పందంతో క్రోట్లు, ముస్లింలు మళ్ళీ ఒకే పక్షమయ్యారు. మధ్యలో ఉన్న ఈ ఏడాదిలో అహ్మిచి లాంటి ఊళ్ళు ఎందుకు చచ్చాయో ఆ ఒప్పందం చెప్పలేదు. యుద్ధం ముగిశాక ముస్లింలు కొందరు ఊరికి తిరిగొచ్చారు. మసీదులు మళ్ళీ కట్టుకున్నారు. నిర్దోషులుగా విడుదలైనవాళ్ళు, శిక్ష పూర్తయినవాళ్ళు కూడా ఆ లోయకే చేరారు. ఒకే రోడ్డు, ఒకే మార్కెట్.

2010 ఏప్రిల్‌లో క్రొయేషియా అధ్యక్షుడు ఇవో యోసిపోవిచ్ అహ్మిచి వచ్చి నివాళి అర్పించాడు. ముద్దాయి యోసిపోవిచ్‌తో ఈయనకి ఏ సంబంధం లేదు, ఇంటిపేరు కలిసింది. అదే పర్యటనలో క్రిజాంచెవో సెలోకి కూడా వెళ్ళి క్రోట్ మృతులకీ తల వంచాడు. పక్కన ముస్లిం మతపెద్ద, క్యాథలిక్ కార్డినల్. నాకు నచ్చిన దృశ్యం అది. నాలుగేళ్ళకి, 2014లో కోర్దిచ్ శిక్షలో మూడింట రెండు వంతులు పూర్తిచేసి విడుదలయ్యాడు. జాగ్రెబ్ విమానాశ్రయంలో జనం, పాటలు, ఒక బిషప్ స్వాగతం. ఇది నచ్చలేదు. రెండూ ఒకే దేశం, నాలుగేళ్ళ తేడా.

విద్యార్థులకి ఒక పని చెప్పి ముగిస్తాను. కుప్రెష్కిచ్ కేసు తీర్పులు రెండూ ట్రిబ్యునల్ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. మొదట ట్రయల్ తీర్పులో సాక్షి హెచ్ గురించిన భాగం చదవండి. అక్కడ ఆపేసి, మీరే జడ్జి అనుకుని అన్నదమ్ముల మీద ఒక పేజీ తీర్పు రాయండి, కారణాలతో. రాశాకే అప్పీలు తీర్పు తెరవండి. రాయకముందు తెరిస్తే అందరూ అప్పీలు జడ్జీలంత తెలివైనవాళ్ళే అయిపోతారు. వచ్చే నెల మీ పేజీలు తీసుకురండి, పేర్లు లేకుండా చదువుదాం.

ఇక ప్రశ్నలు. ఆ మైకు కొంచెం వెనక్కి పంపండి.